సరిమోకు నరసింహుడు

పూర్వం, కొండకొక కోట, కోటకొక పాళెగాడు వెలసి ఉన్న రోజుల్లో, ఎర్రమట్టి గుట్టల నడుమ ఎర్రచెలమ అనే గ్రామం ఉండేది. ఆ గ్రామాన్ని ఆనుకున్న కొండ పాదాన శ్రీ లక్ష్మీనరసింహస్వామి స్వయంభువుగా వెలసి, ఏటా వైశాఖ పౌర్ణమినాడు రథారూఢుడై ఊరి పొడవునా విహరించి, భక్తజనులను కటాక్షిస్తూ ఉండేవాడు. ఆ ఊరికి ఇప్పుడు ఆ పేరు లేదు. ఊరు ఊరంతా కూడి, తన పాత పేరును తానే వదులుకుని, ఒక తాడు పేరు పెట్టుకుంది. రాజుల పేర్లు పెట్టుకున్న ఊళ్ళు కోకొల్లలు గాని, తాడు పేరు పెట్టుకుని తలెత్తుకు తిరిగే ఊరు అదొక్కటే.

స్వామి రథాన్ని లాగడానికి రెండు మోకులు, అంటే లావుపాటి తాళ్ళు, ఉండేవి. కుడి మోకు ఒకటి, ఎడమ మోకు ఒకటి. ఆ రెంటినీ జనపనారతో పేనే హక్కు ఓబులమ్మ అనే ముసలామె పుట్టింటివారిది. ఏడు తరాలుగా వారు పేనిన మోకు ఒక్కనాడూ తెగి ఎరుగదు. అన్నదమ్ములు లేనందున ఆ మిరాసి ఓబులమ్మకు సంక్రమించింది. రథోత్సవం నాటి ఉదయాన అర్చకస్వామి దేవుడు కట్టి విడిచిన పట్టువస్త్రాన్ని తెచ్చి ఆమె భుజాలమీద కప్పితే, ఆమె వంగి రెండు మోకులనూ తాకి కళ్ళకద్దుకున్న తరువాతే తక్కినవారు చేయి వేయాలి. అరవై ఏళ్ళు పైబడి, కూతురు అత్తవారింట ఉండగా ఒంటరిగా బతికే ఆ వితంతువుకు బంగారం లేదు, భూమి లేదు. సంవత్సరానికి ఒక్కరోజు భుజంమీద పడే ఆ శేషవస్త్రమే ఆమె ఐశ్వర్యం.

ఆ సీమను ఏలుతున్న పాళెగాడు కదిరప్ప నాయడు దుర్మార్గుడు కాడు. ధర్మం చేసేవాడు, దొంగలను తరిమేవాడు, కరవు వచ్చిన యేడు గాదెలు తెరిచి గంజి పోయించినవాడు. ఇన్ని గుణాలూ ఉండి ఏం లాభం, ఎదుటివాడు తనకంటే వెంట్రుకవాసి ఎక్కువ అనిపించుకుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఎవరైనా తమ తాత తొంభై ఏళ్ళు బతికాడంటే, నాయనివారి తాత నూటపది ఏళ్ళు బతికి, నూటపదకొండో ఏట గుర్రంమీదనుంచి పడి పోయేవాడు. ఎవరికైనా మూడు రోజులు జ్వరం వస్తే ఆయనకు తొమ్మిది రోజులు వచ్చి ఉండేది. ఒకనాడు గొల్లల పిల్లకు తేలు కుట్టి ఏడుస్తుంటే, పరామర్శకు వచ్చిన దొర పంచె పైకి లాగి, తన్ను కుట్టిన తేలు ఎంతటిదో చేతులు బారచాపి చూపించి వెళ్ళాడట. పిల్ల ఏడుపు మాని నోరు తెరుచుకుని చూసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇది నవ్వుకుని ఊరుకునే సంగతే అయితే ఈ పురాణమే లేదు. దొరతో వేగడానికి ఊరివాళ్ళు ఒక ఉపాయం పట్టారు. నలుగురిలో బాగా చేయడం మానుకున్నారు. సాలెవాడు అంచులో ఒక పోగు కావాలనే తప్పించేవాడు. కంఠం ఉన్న దాసరి కోట ముందు పాడేటప్పుడు శ్రుతి తగ్గించేవాడు. కుస్తీ పట్టేవాళ్ళు నాయనివారి మనిషి తగిలితే తొలి పట్టుకే వెల్లకిలా పడేవారు. మొదట దొర మెప్పుకోసం చేశారు, తరువాత అదే అలవాటైంది, చివరకు తమకేం చేతనవునో తామే మరిచిపోయారు. ఎంత సిగ్గుచేటైన బతుకో చూడండి! ఒక్క ఓబులమ్మ మాత్రం ఈ ఉపాయం ఎరగదు. దొర తన గొప్ప చెబితే ఆమె వాదించేది కాదు, పొగిడేది కాదు. "అట్లనా దొరా, మంచిది" అని మళ్ళీ తన పురిలో తాను పడేది.

అలా ఉండగా ఒక సంవత్సరం, పొరుగు పాళెగాడు తన ఊరి రథానికి కొత్త చక్రాలు చేయించాడన్న వార్త కోటకు చేరింది. నాయనివారికి ఆ రాత్రి కునుకు లేదు. తెల్లవారి నేరుగా ఓబులమ్మ మోకులు పేనే బయలుకు వచ్చి నిలబడ్డాడు. రథం సాగే దారికి కుడివైపున కోట ఉన్నందున కుడి మోకును కోటవాళ్ళు, ఎడమ మోకును ఊరివాళ్ళు పట్టడం ఆనవాయితీ.

"ఓబులమ్మా, ఈ యేడు మా కుడి మోకు రెండింతల లావు ఉండాల. ఎవరి పట్టు గొప్పదో చూసినవాళ్ళకు చూడంగానే తెలియాల. స్వామి మొట్టమొదట మా కోట వాకిట్లో ఆగాల" అన్నాడు.

ఓబులమ్మ నార వదలకుండానే తలెత్తింది. "రెండు మోకులూ ఒక్క కొలతే దొరా. మా జేజి నాటినుంచీ అంతే. ఒకటి బలిసి ఇంకోటి బక్కబడితే స్వామి నడక వంకర పోతాది."

"నా మాటకు ఎదురా?"

"ఎదురు కాదు దొరా. తాడు సంగతి చెప్తాండా. మోకులో మూడు పేటలుంటాయి. మూడూ సమానంగా బిగిస్తే ఏనుగును ఆపుతాది. ఒక్క పేట ఎక్కువ బిగిసిందనుకో, బరువంతా దానిమీదే పడి ముందు అదే తెగుతాది. దాని వెనక తక్కినవీ పోతాయి."

నాయడికి కోపం వచ్చింది. పదిమంది ముందర మాట పడ్డానని అనుకున్నాడు. కుడి మోకు తన కోటలోనే తయారవుతుందనీ, ఎడమదాన్ని మాత్రం ఓబులమ్మ పేనుకోవచ్చుననీ, అది ఈ యేడు ఒక్క నారంత తెగినా ఏడు తరాల మిరాసి ఆనాటితో రద్దయి, శేషవస్త్రం కోట చేరుతుందనీ అక్కడికక్కడే ఆజ్ఞాపించి వెళ్ళిపోయాడు.

ఊరివాళ్ళు ఓబులమ్మ గుడిసెకు గుంపుగా వచ్చారు. వాళ్ళలో కుమ్మరి నారసింహులు పెద్దమనిషి, ఆమె మంచి కోరేవాడు. "అక్కా, కొంచెం సన్నంగా, కొంచెం గరుకుగా పేను. మేమూ మెల్లగా లాగుతాం. ఆయప్ప గెలిచినట్టు ఉంటాది, సంతోషపడి నీ మిరాసి నీకు వదిలేస్తాడు. మేమందరం బతికేది అట్లనే కదా" అని బతిమాలాడు.

ఓబులమ్మకు కన్నీళ్ళు వచ్చాయి. పోబోయే మిరాసిని తలచుకుని కాదు, ఆ మాట అన్నది ఊరిలోకెల్లా మంచి పనివాడైనందుకు. నారసింహులు చేసిన కుండను వేలితో మీటితే గంట మోగినట్టు మోగేది ఒకప్పుడు.

"తక్కువగా పేనేది నా చేతికి రాదు నారసింహులూ. నేర్చుకునే వయసు కూడా దాటిపోయింది" అన్నది.

ఆ నెల్లాళ్ళూ ఆమె పేనింది. ఎండలో నార ఆరబెట్టింది, చిక్కు తీసింది, పేటపేటకూ పురి సరిచూసింది. లావు పెంచలేదు, సన్నం చేయలేదు. ఏడు తరాల కొలత ఎంతో అంతే. కోటలో పదిమంది కూలివాళ్ళు హడావిడిగా పేనిన కుడి మోకు మనిషి తొడంత లావు తేలింది. అందులో చూపులకు అందంగా ఉండాలని ఎర్రరంగు అద్దిన పేటను ఒకదాన్ని తక్కినవాటికంటే గట్టిగా బిగించి పైకి కనబడేట్టు చేశారు. ఓబులమ్మ దూరంనుంచి దాన్ని ఒక్కసారి చూసి, తిరిగి తన మోకు దగ్గరకు పోయింది.

పౌర్ణమి వచ్చింది. మంగళవాద్యాలు మోగాయి, గోవింద నామం కొండను తాకింది, అర్చకస్వామి శేషవస్త్రం తెచ్చి, ఇది ఆఖరుసారి కావచ్చునని తలచుకుంటూనే ఓబులమ్మ భుజాన కప్పాడు. రథం కదిలింది. కుడివైపున రెండువందలమంది కోటవాళ్ళు, ముందర నాయనివారు స్వయంగా. ఎడమవైపున ఊరివాళ్ళు అలవాటు ప్రకారం చేతులు ఆనించి, బలం దాచుకుని నడిచారు.

రథం నడక తెలిసినవాడికి ఇక చెప్పనక్కరలేదు. కుడి మోకు బిగించి లాగితే రథం కుడి భుజం ముందుకు వస్తుంది, ముఖం ఎడమకు తిరుగుతుంది. కోటవాళ్ళు లాగినకొద్దీ స్వామి కోటకు విముఖుడవుతూ వచ్చాడు. నాయడు అది చూసి, బలం చాలడం లేదనుకుని, ఇంకా లాగమన్నాడు. ఇంకా లాగారు. ఇంకా తిరిగింది. ఎడమవైపున దారి అంచు దాటితే నిలువెత్తు లోతున వాగు. చక్రాల కింద అడ్డుకట్టెలు వేసేవాళ్ళు వేసినవి వేసినట్టే నుగ్గయిపోయాయి. ఎడమ ముందుచక్రం అంచు దాటి గాలిలోకి దిగింది. కలశం ఒరిగింది, పైనున్న అర్చకులు స్వామివారి ఉత్సవమూర్తిని గుండెకు హత్తుకున్నారు.

ఆ క్షణాన కుడి మోకులోని ఎర్రపేట తెగింది. దాని వెనక రెండోది, మూడోది. రెండువందలమందీ తెగిన తాడు చేతుల్లో పట్టుకుని నేలమీద కూలబడ్డారు.

రథం బరువు మొత్తం ఎడమ మోకుమీద పడి, పైపైన పట్టిన ఊరివాళ్ళ చేతుల్లోంచి అది జారిపోయింది. ఓబులమ్మ పరుగెత్తింది. ఆ వయసులో ఎట్లా పరుగెత్తిందో ఎవరికీ తెలియదు. మోకు కొసను అందుకుని, దారి పక్కన నిటారుగా నిలిచిన నల్లరాతికి ఒక చుట్టు చుట్టి, కొసమీద కూర్చుని, కాళ్ళు రాతికి తన్నిపెట్టింది. మోకు కిర్రుమన్నది. ఒక్క నారైనా తెగలేదు. అయితే ఒక్క మనిషి ఎంతసేపు ఆపుతుంది? ఆమె అరచేతులనుంచి రక్తం కారి నారలోకి ఇంకింది. అప్పుడు ఆమె ఊరివాళ్ళవైపు తిరిగి, "ఇంకా ఎవరికోసం దాచుకుంటారురా బలం? నరసింహుడే పడిపోతాంటే!" అన్నది.

ముందు కదిలినవాడు నారసింహులు. వచ్చి మోకు పట్టుకుని, ఎన్నేళ్ళనుంచో ఒంట్లో మూలుగుతున్న సత్తువనంతా ఒక్కసారిగా తీశాడు. సాలెవాడు వచ్చాడు, దాసరి వచ్చాడు, వెల్లకిలా పడే కుస్తీవాళ్ళు వచ్చారు. తమ బలం తమకే ఆశ్చర్యమై, వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. రథం వాలడం ఆగింది గాని వెనక్కి రాలేదు.

నాయడు తెగిన తాడుతో దారిలో నిలబడి ఉన్నాడు. ఓబులమ్మ ఆయనను కోపంతో చూడలేదు. "దొరా, స్వామి నీ వాకిట్లోకి రావాలనే కదా నీ కోరిక? రావాలంటే ఈ పక్క మోకు లాగాల. రా నాయనా, చోటుంది" అన్నది.

కదిరప్ప నాయడు తన జీవితంలో ఎన్నడూ ఇంకొకడి వెనక నిలబడలేదు. ఆ రోజు తలపాగా తీసి నేలమీద పెట్టి, ఎడమ మోకు చిట్టచివర, ఓబులమ్మ పక్కన నిలిచి చేయి వేశాడు. ఆయన వెంట కోటవాళ్ళందరూ వచ్చారు. అందరూ ఒక్కటై లాగేసరికి రథం ముఖం మెల్లగా కుడికి తిరిగింది, చక్రం గట్టెక్కింది, స్వామి చక్కగా వచ్చి కోట వాకిట నిలిచాడు.

జనం జయజయధ్వానాలు చేస్తుంటే ఓబులమ్మ మోకు విప్పడానికి రాతి దగ్గరకు వెళ్ళి, అలాగే నిలబడిపోయింది. మోకు ఒరిపిడికి రాతిలో బొటనవేలు పట్టేంత గాడి పడింది. దాని పక్కనే, జానెడు ఎడంగా, అంతే లోతుతో ఇంకొక గాడి ఉంది. చుట్టింది ఒక్క మోకు, వేసింది ఒక్క చుట్టు. కుడి మోకు అప్పటికే తెగి దుమ్ములో పడి ఉంది. మరి రెండో మోకు ఏది, దాన్ని పట్టినవారెవరు? అర్చకస్వామి రథం దిగి వచ్చి చూసి, చేతులు జోడించాడు. అందరి చూపూ ఉత్సవమూర్తి మీదకు పోయింది. స్వామి కుడి అరచేతికి జనపనార పోగొకటి అంటుకుని ఉంది.

నాయడు ఓబులమ్మ కాళ్ళకు మొక్కబోతే ఆమె వారించింది. శేషవస్త్రం వంశపారంపర్యంగా ఆమె ఇంటికే చెందుతుందని ఆయన శాసనం వేయించాడు. అయితే పుట్టుకతో వచ్చిన బుద్ధి పూటలో పోతుందా? మరుసటి యేటినుంచి మోకు చిట్టచివరి చోటు తనకే కావాలనీ, ఆ సీమలో తనంత వెనక నిలబడేవాడు ఇంకొకడు ఉండకూడదనీ పట్టుబట్టాడు. ఓబులమ్మ నవ్వి, "అదీ వంతులవారీనే దొరా" అన్నది. ఆయనా నవ్వాడు. తనమీద తాను నవ్వుకోవడం ఆయనకు అదే మొదలు.

ఆనాటినుంచి ఊరికి సరిమోకు అనీ, స్వామికి సరిమోకు నరసింహుడనీ పేరు స్థిరపడింది. నేటికీ రథోత్సవానికి నెల ముందు ప్రతి ఇంటివారూ పిడికెడు నార తెచ్చి ఒకే కుప్పలో వేస్తారు. ఏ పోగు ఎవరిదో తెలియకుండా కలిపి, ఓబులమ్మ వంశీకులు రెండు మోకులూ ఒకే కొలతకు పేనుతారు. రథం నల్లరాతి దగ్గరకు రాగానే ఆగుతుంది. కుడివారు ఎడమకూ, ఎడమవారు కుడికీ మారిన తరువాతే మళ్ళీ కదులుతుంది. ఆ సంవత్సరం ఊరిలో ఎవరు ఎక్కువ పేరు తెచ్చుకున్నారో వారు ఆ రోజు మోకు చివర నిలుస్తారు. ఆ చోటుకోసం ఊరంతా ఏడాది పొడవునా ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తుంది.

రాతిమీద రెండు గాడులూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ ప్రాంతంలో ఎవడైనా తన గొప్ప మరీ ఎక్కువగా చెప్పుకుంటే, పెద్దలు వాడితో వాదించరు, వాడిని పొగడరు. చేయి పట్టుకుని ఆ రాతి దగ్గరకు తీసుకువెళ్ళి, ఒక వేలు ఈ గాడిలో, ఒక వేలు ఆ గాడిలో పెట్టమంటారు. ఏది లోతో చెప్పమంటారు. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.