కొత్తకోట వాకిట్లో రోలు

ఎప్పటి రాజ్యమో గానీ, అక్కడ కోటలోకి వెళ్ళాలంటే ఎవరి గుట్టు దినుసులు వాళ్ళు చాటుగా తిరగలిలో విసరాలి. ఆ పొడిని మొదట ఇచ్చి ఉంచిన పొడితో పోల్చి చూసి, రెండూ కలిస్తేనే తలుపు తీస్తారు. మంత్రి కొత్తకోట కట్టించి, దాచిన పొడులన్నీ అక్కడికి తెప్పించి, వాకిట్లో మాత్రం తిరగలికి బదులు రోలు పెట్టించాడు.

లోపల తన కూతురు పురిటినొప్పులు పడుతుంటే నూకాలు పరుగున వచ్చి దంచింది. పొడి కలవలేదు.

"దొంగవా? దినుసులేమిటో పైకి చెప్పు!" అన్నాడు మంత్రి.

నూకాలుకు ఒళ్ళు మండింది. "ముందు తమరు దంచండి బాబూ!"

మంత్రి పొడీ కలవలేదు. "తమ దినుసులేమిటో చెప్పండయ్యా," అన్నాడు కాపలావాడు.

"గుట్టు ఎలా చెబుతానురా!" అని మంత్రి అరిచాడు.

"మరి నాది గుట్టు కాదా? తిరగలిలో విసిరిన పొడి తెచ్చి పెట్టి, రోట్లో దంచమంటే కలుస్తుందా? తిరగలి తెప్పించండి!" అంది నూకాలు.

తిరగలి వచ్చింది. ముందు విసిరి లోపలికెళ్ళింది నూకాలే. మంత్రి ఇంకా విసురుతుండగానే లోపల పసిబిడ్డ కేరుమంది.