ఉత్తరపు వెలుగులు మేడ మీదికి వచ్చిన రోజు

అనగనగా వేత్రగిరి అని ఒక రాజ్యం. దానికి రాజు చిత్రధ్వజుడు. ఆయన వయసులో ఉండగా ఓడలెక్కి ఏడు సముద్రాలు దాటి, చలికాలమంతా సూర్యుడు పొడవని మంచుదేశం నుంచి ఒక పిల్లను పెళ్లాడి తెచ్చుకున్నాడు. ఆమె పేరు నీహారవతి. ఆమె పట్టుచీరలు కట్టింది, నగలు పెట్టుకుంది, ముగ్గురు కొడుకుల్ని కన్నది. మనసారా నవ్వగా మాత్రం ఎవరూ చూడలేదు.

ముప్పై ఏళ్లు గడిచాక రాణి మంచం పట్టింది. వైద్యులు వచ్చారు, కషాయాలు పోశారు, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. మూడో కొడుకు మణికేతు విసనకర్రతో విసురుతూ అడిగాడు.

"అమ్మా, నీకేం కావాలి?"

"చలికాలం వస్తే మా దేశంలో ఆకాశం నిండా వెలుగులు ఆడతాయి నాయనా. గాలికి తెరలు ఊగినట్టు ఊగుతాయి. ఇంక అంత దూరం పోలేను. ఒక్కసారి ఈ మేడ మీద నుంచే కనబడితే చాలు."

పెద్దకొడుకు మేడంతా రంగురంగుల తెరలు కట్టించి వెయ్యి దీపాలు పెట్టించాడు. "ఇవి దీపాలు నాయనా" అంది రాణి. రెండో కొడుకు బాణసంచా కాల్పించాడు. "ఇది పొగ నాయనా" అని దగ్గింది. మూడోవాడు మూట కట్టుకున్నాడు.

"తొందరగా రా తండ్రీ. కళ్లు మసకలేస్తున్నాయి" అంది తల్లి.

సముద్రం ఒడ్డున ఒక అడవిబాతు వేటగాడి వలలో పడి కొట్టుకుంటోంది. మణికేతు వల కోసి వదిలేశాడు. "నేను ఏటా ఉత్తరానికి పోయేదాన్నే రాకుమారా, నా వెనకే రా" అంది బాతు. మణికేతు ఓడెక్కాడు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడో సముద్రంలో తెరచాప చిరిగింది. అయిదో సముద్రంలో ఓడవాళ్లు భయపడి, అతనికో చిన్న పడవ ఇచ్చి వెనక్కి తిరిగారు. ఏడోది దాటేసరికి మూటలో అటుకులు అయిపోయాయి, బెల్లం అయిపోయింది. గుప్పెడు ఎండుమిరపకాయలే మిగిలాయి.

మంచుదేశం అంతా చీకటి. ఆకాశంలో ఒక్క వెలుగూ లేదు. జనం గొంతు పెంచి మాట్లాడడం కూడా మానేశారు.

"హిమజటుడనే మాంత్రికుడు వెలుగులన్నీ పట్టి రాతిజాడీలో బిగించాడు" అంది బాతు. "వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఈ చలికి చిలక బతకదు కదా, అందుకని రాత్రీ పగలూ దాన్ని రొమ్ముకు హత్తుకునే ఉంటాడు."

మాంత్రికుడి గుహలో తుహిన అనే పిల్ల నిప్పు ఆరకుండా కాస్తోంది. ఆమె ఇంటివాళ్లందరినీ వాడు చంపి, ఆమెను దాసిగా పెట్టుకున్నాడు. ఆమె మణికేతు భాషలోనే పలకరించింది. అతను ఆశ్చర్యపోయాడు.

"చిలక నేర్పింది. అది మీ వైపుదే" అని చెప్పి, అతన్ని కట్టెల వెనక దాచింది.

మొదటిరోజు మాంత్రికుడు కునుకు తీస్తుండగా మణికేతు చిలకలా ఈలవేశాడు. అది కదల్లేదు. రెండోరోజు పాట పాడాడు. కదల్లేదు. మూడోరోజు వాడు మళ్లీ కునుకు తీస్తుండగా అరచేతిలో ఒక ఎండుమిరపకాయ పెట్టి చాచాడు. మాంత్రికుడి కంబళి అంచు కదిలింది. ముక్కు బయటికొచ్చింది. చిలక తడబడుతూ నడిచొచ్చి అతని చేతిమీదికి ఎక్కింది.

"మిరపకాయ! ఎన్నేళ్లయింది!"

మణికేతు దాని చుట్టూ గుప్పిట మూశాడు. చిలకకు అర్థమైంది.

"నేనేం పాపం చేశాను రాకుమారా? రెక్కలొచ్చిన ఏడే వీడు నన్ను ఎత్తుకొచ్చాడు."

"నువ్వేం చెయ్యలేదు" అన్నాడు మణికేతు.

"ఇది తిననిస్తావా?"

"తిను."

చివరి గింజ దాకా తింది. అతను మొహం పక్కకు తిప్పుకుని దాని మెడ విరిచాడు. మాంత్రికుడు నిద్రలోనే బిగుసుకుపోయాడు. తుహిన చిలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి జాడీ మూత పగలగొట్టారు.

వెలుగులు బుసబుసా పైకి లేచాయి. ఊళ్లన్నీ వాకిళ్లలోకి వచ్చాయి. "మేం ఎండదేశంలో నిలవలేం" అన్నాయి వెలుగులు. "నువ్వు ఇల్లు చేరిన సాయంత్రం ఒక్కసారి వచ్చిపోతాం."

"నాకిక్కడ ఎవరూ మిగల్లేదు. నేనూ వస్తాను" అంది తుహిన.

వేత్రగిరి రేవులో పెద్దన్న తల వంచుకుని ఎదురొచ్చాడు. "ఆలస్యమైంది తమ్ముడూ. అమ్మకు చూపు పోయి మూడు నెలలైంది."

మణికేతు తల్లిని చేతులమీద ఎత్తుకుని మేడ ఎక్కాడు. పొద్దుగూకగానే ఉత్తరం దిక్కు కదిలింది. ఊరు ఊరంతా మేడలెక్కి నోరు తెరిచింది. రాణి గుడ్డికళ్లు పైకెత్తి, "ఎలా ఉన్నాయి, చెప్పు నాయనా" అంది.

"పచ్చగా ఉన్నాయమ్మా."

"ఏం పచ్చ?"

"చిలక..." అన్నాడు. అంతలోనే ఆపి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు తుహిన రాణి చెయ్యి పట్టుకుని మంచుదేశపు భాషలో చెప్పసాగింది. ఆ వెలుగుల ఒక్కొక్క వంపుకీ, ఒక్కొక్క రంగుకీ ఆ భాషలో ఒక్కొక్క మాట ఉంది. వింటూ వింటూ రాణి మధ్యలో అందుకుని తనే తర్వాతి మాట చెప్పింది. ముప్పై ఏళ్ల తర్వాత నవ్వింది. మెట్ల మీద నిలబడ్డ రాజు ఆ నవ్వు చూసి మొహం కప్పుకున్నాడు.

వెలుగులు వెళ్లిపోయాక రాణి ఇంకా తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ తుహినతో ఆ భాషలోనే మాట్లాడింది. పక్కనే కూచున్న మణికేతుకు ఒక్క మాటా తెలియలేదు. అమ్మ భాష నేర్పమని తనెప్పుడూ అడగలేదు.

ఏడాది గడిచాక తుహినకూ మణికేతుకూ బాజాలు లేకుండా పెళ్లి జరిగింది. రాజు సింహాసనం దిగిపోతే అన్నలిద్దరూ తమకొద్దన్నారు గనక అది మణికేతుకే వచ్చింది. పట్టాభిషేకం నాటి సాయంత్రం అతను భార్యను అడిగాడు.

"ఇంటికి వెళ్లాలనుందా?"

తుహిన కళ్లు తుడుచుకుంది. మర్నాడే అతను ఓడ కట్టమన్నాడు. అప్పట్నుంచి ప్రతి మూడో ఏడూ చలికాలానికి పిల్లల్ని వెంటబెట్టుకుని ఆమెను మంచుదేశం తీసుకెళ్లేవాడు. పిల్లలు రెండు భాషలూ మాట్లాడారు. అలా ఇద్దరి తలలూ నెరిసేదాకా ఆ రాజ్యం చల్లగా ఉంది.