వెళ్ళొస్తానన్న మాట

అనగా అనగా, చెప్పేవాళ్ళూ ఊఁ కొట్టేవాళ్ళూ ఉన్నంతకాలం చెక్కుచెదరని ఊరొకటి ఉంది. దాని పేరు రేగుమిల్లి. ఆ ఊళ్ళో కనకాంగి అనే మంత్రసాని ఉండేది. ఆమె చేతులమీదుగా పుట్టని బిడ్డ ఆ చుట్టుపక్కల లేదు.

ఊరందరికీ పురుడు పోసే ఆ తల్లికి సొంత బిడ్డతోనే వచ్చింది చిక్కు. నాలుగేళ్ళ తాయారు అమ్మ కొంగు వదిలితే ఒట్టు! ఇంట్లో మరో పెద్దదిక్కు లేదు. బయలుదేరేటప్పుడు బిడ్డ ఏడిస్తే అపశకునమని కనకాంగి భయం. అందుకని ఇరుగుపొరుగువాళ్ళెవరైనా "అదుగో కాకి!" అని పిల్లని అటు తిప్పగానే, ఆమె పెరటి దారిన జారుకునేది. పిల్ల ఇటు తిరిగేసరికి అమ్మ ఉండదు. పాపం, ఆ పసిదానికి కాకంటేనే హడలు పట్టుకుంది.

తాయారుని చూసుకోవడానికి మొదట ఒకామె పట్టుచీర కట్టుకుని వచ్చింది. కనకాంగి ఎదుట కమ్మగా జోలపాట పాడింది. సాయంత్రం "ఒక్క కన్నీటి చుక్క రాలనివ్వలేదమ్మా" అంది. పిల్ల కళ్ళు చూస్తే ఉబ్బి ఉన్నాయి.

రెండో ఆమె సంచీ నిండా బొమ్మలు తెచ్చింది. వాటితో పిల్ల ఊరుకోకపోయేసరికి బూచాణ్ణి పిలిచింది. ఆమె కూడా "ఏడిస్తే ఒట్టు" అంది. ఆ మాట పూర్తికాకముందే పిల్ల వెక్కింది.

మూడోసారి వచ్చింది నాంచారి. పనికి కొత్త. పట్టుచీరా లేదు, బొమ్మలూ లేవు. ఈ పని దొరక్కపోతే ఊరు విడిచి పోవలసినంత అవసరంలో ఉంది.

"ఇవాళ పిల్ల ఏడ్చిందంటే రేపు నువ్వు రానక్కర్లేదు" అని కనకాంగి ముందే చెప్పేసింది.

నాంచారి పిల్లని ఎత్తుకోబోలేదు, బుగ్గ గిల్లలేదు. కాస్త ఎడంగా చతికిలబడి, "నా పేరు నాంచారి. నీకు ఎప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడే మాట్లాడు" అంది. తాయారు కొంగు చాటునుంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూసింది.

అంతలో కుమ్మరి వీధినుంచి మనిషి పరుగున వచ్చాడు. "అమ్మా, మా కోడలికి నొప్పులు మొదలయ్యాయి!"

కాకిని చూపించమని కనకాంగి కనుసైగ చేసింది. చూపిస్తే యజమానురాలు మెచ్చుకుంటుంది. కానీ వచ్చీరాగానే పసిదాన్ని మోసం చెయ్యడానికి నాంచారికి మనసొప్పలేదు.

"చూపించనమ్మగారూ. వెళ్ళొస్తానని దాని ఎదుట నిలబడి మీరే చెప్పండి."

"ఏడుస్తుందే! శుభమా అని పురుడు పొయ్యబోతుంటే ఏడుపేమిటి?"

"అక్కడ పుట్టబోయే బిడ్డ ఎప్పుడు ఏడుస్తుందా అనే కదమ్మగారూ అందరూ కాచుకుని ఉన్నారు!"

అంతమందికి పురుడు పోసిన కనకాంగికి అంతవరకూ ఆ సంగతే తట్టలేదు మరి! కూతురి ముందు కూర్చుని, "తాయారూ, అక్కడ పాపాయి పుట్టగానే వచ్చేస్తాను. వెళ్ళొస్తానమ్మా" అని వీధి గుమ్మంలోంచే వెళ్ళింది.

పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. నాంచారి నోరు మూయించలేదు. "ఏడువమ్మా. అమ్మ వెళితే ఏడుపు రాదూ?" అంటూ పక్కనే కూర్చుంది. ఎంత ఓర్పో నాంచారికి!

ఏడ్చి ఏడ్చి అలసిపోయి, తాయారు అడిగింది: "అమ్మ వస్తుందా?"

"వెళ్తానంది కాదు, వెళ్ళొస్తానంది. ఆ మాటలో రావడం కూడా ఉంది."

తాయారు నమ్మలేదు. నాంచారి "వంటింట్లోకి వెళ్ళొస్తా" అని వెళ్ళింది, వచ్చింది. "వాకిట్లోకి వెళ్ళొస్తా" అని వెళ్ళింది, వచ్చింది. మూడోసారి తాయారే లేచింది. "నేను పెరట్లోకి వెళ్ళొస్తా!" అని గంతులేస్తూ వెళ్ళి, నవ్వుతూ తిరిగొచ్చింది.

దీపాలవేళకి కనకాంగి వచ్చింది. తాయారు "వచ్చావా అమ్మా!" అని ఒకసారి వాటేసుకుని, మళ్ళీ ఆటలో పడిపోయింది.

"ఏడ్చిందా?" అని అడిగింది కనకాంగి.

లేదంటే పని నిలుస్తుంది. నాంచారి తల వంచుకుని, "చాలాసేపు ఏడ్చిందమ్మగారూ" అంది.

"నాకు తెలుసులే. వీధి మలుపుదాకా వినబడుతూనే ఉంది. ఇంతకుముందు వచ్చినవాళ్ళు అబద్ధం చెప్పారు. నిజం చెప్పినదానివి నువ్వొక్కతెవే. పిల్ల బాధ్యత నీదే, రేపు పొద్దున్నే వచ్చెయ్!" అంటూ కనకాంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

పిల్లలూ, మొదటిచూపులో మెప్పించేవారు చాలామందే ఉంటారు. కానీ పసివాళ్ళతోనైనా నిజమే పలికేవారికే నమ్మకం దక్కుతుంది.