సోమిదేవిని తీసుకురాబోయిన తార్కికులు

పలుకునకు పుట్టినిల్లయిన భారతీదేవికి ఒక నమస్కారము. ఆ పలుకును ఎక్కడ ఆపవలెనో తెలిపే బుద్ధినిచ్చు విఘ్నేశ్వరునికి అంతకంటె పెద్ద నమస్కారము. ఇక వినుడు. ఇది వాదవరం అగ్రహారంలో తర్కశాస్త్రమే అన్నపానాలుగా బతికిన అన్నదమ్ముల కథ. అందులోనూ కడగొట్టువాడైన సూరప్ప, అలిగి వెళ్ళిన భార్యను కాపురానికి తెచ్చుకోబోయిన కథ.

పెద్దవాడు విరూపాక్షయ్య, నడిమివాడు పేరయ్య. భూమండలంలో బుద్ధి అనే పదార్థం ఎంత ఉందో, అందులో ముప్పాతిక తమ ఇంటి కప్పు కిందనే ఉందని అన్నదమ్ములకు గట్టి నమ్మకం. "మరి మిగిలిన పాతిక?" అని ఎవరైనా అడిగితే, "మా అరుగు మీద" అనేవాడు విరూపాక్షయ్య.

ఒకనాటి ఉదయం సూరప్ప భార్య సోమిదేవి పొయ్యి మీద పాలు పెట్టి, పెరట్లో బట్టలు ఆరవేస్తూ, "పాలు పొంగుతున్నట్టున్నాయి, కాస్త చూడండీ!" అని కేకవేసింది. ఇంకేముంది, ముగ్గురూ పరుగున వచ్చి పొయ్యి చుట్టూ నిలబడి చూశారు. పాలు పొంగాయి, పొర్లాయి, పొయ్యిని ఆర్పాయి. ఆమె వచ్చేసరికి పేరయ్య మెచ్చుకోలుగా తల ఊపి, "అమ్మాయీ, నీ అనుమానం యథార్థం. కళ్ళారా చూశాం" అన్నాడు.

అంతే. సోమిదేవి మూట కట్టింది. వీధిగుమ్మంలో మొగుడితో ఒకే మాట అంది. "మా అమ్మానాన్నల ముందు ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, మీరు ముగ్గురూ మామూలు మనుషుల్లా మసలండి. వెంట వచ్చేస్తాను. చేతకాదంటారా, ఆ తర్కంతోనే కాపురం చేసుకోండి!"

సూరప్ప ఎడబాటు ఓర్వలేక అన్నల్ని వెంటబెట్టుకుని, బండి కట్టించుకుని అత్తవారి ఊరైన పూలతిప్పకు బయలుదేరాడు. దారి పొడవునా బతిమాలాడు. "అన్నయ్యా, వాదం వద్దు. వాళ్ళేమంటే అదే చేయండి."

"సరే, వారి వాక్యమే మాకు ప్రమాణం" అని అన్నలిద్దరూ అభయమిచ్చారు.

మామగారు యజ్ఞనారాయణ ఎదురు వచ్చాడు. "రండి నాయనా, రండి! ఇప్పుడేనా రావడం?"

"ఇప్పుడు అని తమరు పలికేలోపే ఆ ఇప్పుడు గతించింది..." అని విరూపాక్షయ్య మొదలుపెట్టాడు. సూరప్ప గబుక్కున అన్న కాలు తొక్కాడు.

"తొక్కుతావేం తమ్ముడూ?"

"వాదం వద్దన్నానా?"

"ఇది వాదం కాదురా, నిర్వచనం!"

మామగారు మాట మార్చి, "కాళ్ళు కడుక్కోండి. మొహమాటం వద్దు, మీ ఇల్లే అనుకోండి" అని లోపలికి వెళ్ళాడు. ప్రమాణవాక్యం కదా! అన్నలిద్దరూ కళ్ళు మూసుకుని గట్టిగా అనుకున్నారు. మామగారు మజ్జిగ చెంబుతో తిరిగి వచ్చేసరికి ఆయన పడకకుర్చీలో విరూపాక్షయ్య! "రండి, రండి! ఇప్పుడేనా రావడం? మీ ఇల్లే అనుకోండి!" అన్నాడు. ఆ దెబ్బకు యజ్ఞనారాయణ తన అరుగు మీద తానే చుట్టంలా ఒదిగి కూర్చున్నాడు, చెంబు ఒళ్ళో పెట్టుకుని.

అంతలో పొరుగింటి చిట్టెమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. "కొంచెం ఆవకాయ పెట్టిస్తారా బాబూ?"

పేరయ్య ఇంటి యజమాని హోదాలో లేచాడు. "కొంచెమా? దేనికంటె కొంచెం?"

"ఏమో బాబూ, కొంచెమే."

పేరయ్య ఆలోచించాడు. ఊళ్ళో ఉన్న ఆవకాయలన్నిటితో పోల్చి చూస్తే మూలనున్న పెద్ద జాడీ కొంచెమే! ఇంకేముంది, జాడీకి జాడీ పొరుగింటికి నడిచింది. అత్తగారు నరసమ్మ, "అయ్యో, ఏడాది ఆవకాయ!" అని నెత్తి కొట్టుకుంది. "బాధపడకండి, మీ ఇల్లే అనుకోండి" అని ఓదార్చాడు పేరయ్య.

తలుపు చాటునుంచి సోమిదేవి మొగుణ్ణి కన్నులతోనే కడిగేసింది.

"పూట ఇంకా గడవలేదుగా" అని సూరప్ప గొణిగాడు.

"గడిచేసరికి ఇంట్లో ఏం మిగులుతుందట?" అందామె.

భోజనాలకు కూర్చున్నారు. ఆవకాయ దిగులులో నరసమ్మ పులుసులో ఉప్పు మరిచింది. "ఎలా ఉంది నాయనా పులుసు?" అని అడిగింది. "మెచ్చుకో అన్నయ్యా" అని సూరప్ప చెవిలో ఊదాడు.

"అద్భుతం!" అన్నాడు విరూపాక్షయ్య. "ఉప్పు లేకపోవడం ఇందులో పుష్కలంగా ఉంది. ఎక్కడ ముంచినా ఉంది. ఇంత నిండైన లేమిని నేనెక్కడా రుచి చూడలేదు!"

నరసమ్మ చేతిలో గరిటె గాలిలోనే నిలిచిపోయింది. యజ్ఞనారాయణకు ఓర్పు నశించింది. "అల్లుడుగారూ, సూటిగా అడుగుతున్నాను. ఇందరు బుద్ధిమంతులున్న ఇంట్లో మా అమ్మాయి లేకపోతే వచ్చిన లోటేమిటి?"

సూరప్ప చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేశాడు. తల వంచుకుని అన్నాడు. "మామగారూ, ఆవిడ లేకపోవడం వంటింట్లో ఉంది. బావి దగ్గర ఉంది. ముగ్గు లేని వాకిట్లో ఉంది. లేకపోవడం కూడా ఒక పదార్థమేనని శాస్త్రంలో చదివాను. అది ఇల్లంతా నిండి మనిషికి కూర్చునే చోటైనా మిగల్చదని మాత్రం ఇప్పుడే తెలిసింది."

లోపలి గదిలో పెట్టె మూత పడిన చప్పుడైంది. సోమిదేవి మూటతో బయటికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు, పెదవుల మీద నవ్వు. "వీళ్ళింతేలే నాన్నా. కానీ ఈయన నోట అబద్ధం రాదు" అని, వెళ్ళి బండిలో కూర్చుంది.

సూరప్ప ఆనందం చెప్పతరమా! ముగ్గురూ చేతులు జోడించి, "వెళ్ళొస్తాం" అన్నారు. "మంచిది నాయనా" అన్నాడు మామగారు. వీధిగుమ్మం దాటారో లేదో, విరూపాక్షయ్య టక్కున ఆగాడు.

"ఏమన్నాం తమ్ముడూ?"

"వెళ్ళొస్తామన్నాం."

"వెళ్ళాం. మరి రావద్దూ?"

సూరప్ప బండి వైపు చూశాడు. అబద్ధమాడడని ఇప్పుడే కదా అంది! అంతే, ముగ్గురూ వెనక్కి నడిచారు. "వచ్చాం మామగారూ."

"ఏమైనా మరిచారా?"

"లేదు, మాట నిలబెట్టుకున్నాం. ఇక వెళ్ళొస్తాం."

"రావద్దు నాయనా, ఊరికే వెళ్ళండి!"

"శివశివా! వెళ్తామంటే అశుభం కదా!"

మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. "అన్నయ్యా, ఇలాగైతే దీనికి తుది లేదు!" అని సూరప్ప వాపోయాడు. "అవును! అనవస్థా దోషానికి ఇంత చక్కని ఉదాహరణ ఏ గ్రంథంలోనూ లేదు" అని విరూపాక్షయ్య మురిసిపోయి, మళ్ళీ గడప ఎక్కాడు.

"రండీ!" అని సోమిదేవి పిలుస్తూనే ఉంది. ఎద్దులకు మాత్రం తర్కం రాదు. విసిగి, ఇంటి దారి పట్టాయి. దీపాలవేళకు సోమిదేవి అత్తవారింట్లో దీపం పెట్టింది. దీపాలవేళకే పూలతిప్పలో ఆమె పుట్టింటి గడప మీద ముగ్గురు బుద్ధిమంతులు చేతులు జోడించి, "వెళ్ళొస్తాం మామగారూ" అంటున్నారు.

ఈ కథ చెప్పినవారికి, విన్నవారికి, వింటూ కునుకు తీసినవారికి ఇల్లు చేరే దారియు, చేరిన పిదప తలుపు తీసే మనిషియు కలుగుగాక!