హాజరు బండ

గుమ్మిడికొండ లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వచ్చే భక్తులు నూట ఎనభైయవ మెట్టు దగ్గర విధిగా ఆగాలి. అక్కడ ఎడమవైపు పసుపు, కుంకుమలు పూసిన నల్లబండ ఉంటుంది. దాని పేరు హాజరు బండ. ఇక్కడ ప్రతి భక్తుడూ తన పేరు తానే గట్టిగా చెప్పి ముందుకు సాగాలి. తొందరపడి దాటిపోయినవారిని అర్చకులు నిర్మొహమాటంగా వెనక్కి పంపుతారు.

పూర్వం ఇక్కడ దారే లేదు. ఈ పూర్వం కృతయుగం కాదు, చూసినవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. కొండ దిగువ ఊళ్ళో సుబేదారు కిల్లి జగ్గునాయుడుగారు ఉండేవారు. బర్మా యుద్ధంలో పోరాడి, తొడలో తూటా ముక్కతో ఇల్లు చేరిన వీరుడు. పింఛను తీసుకుని అరుగెక్కి కూర్చునే మనిషి కాదాయన. బీడు దున్నారు, బావి తవ్వారు, పాతికేళ్ళు ప్రతి వేసవిలోనూ కొడుకులనూ మనుమలనూ వెంటబెట్టుకుని ఈ మెట్లు కట్టారు. తెల్లవారగానే ఇంటిల్లిపాదినీ పేరుపేరునా పిలిచి హాజరు వేసేవారు. పలకనివారికి ఆ పూట చద్దన్నం కూడా దక్కదని ఊరు వేళాకోళమాడేది.

ఆయన ఎనభై ఎనిమిదో ఏట, నృసింహ జయంతి సాయంత్రం, కుటుంబమంతా కొండెక్కుతుండగా గాలివాన విరుచుకుపడింది. వాన తగ్గాక పెద్దకొడుకు లెక్కపెడితే ముప్పై ఒక్కరూ సరిపోయారు. సుబేదారుగారు మాత్రం ఈ బండ మీద నిలబడి అలవాటుగా పేర్లు పిలిచారు. కొత్తగా కాపురానికి వచ్చిన మనుమడి భార్య కమల పలకలేదు. వానకు వాళ్ళు కప్పుకున్న పరదా కిందికి చేరిన సన్నాయి వాయించేవాడొకడు లెక్కలో కలిసిపోయాడు!

వెంట ఉన్న అర్చకులు అభిషేక ముహూర్తం దాటిపోతుందన్నారు.

"ముకూర్తం దాటితే సామి తిట్లు నాను పడతాను. పిల్ల కనపడకపోతే దాని తల్లికేటి సెప్పమంటారు పంతులుగారూ?" అని ఆయన కర్ర పుచ్చుకుని దిగిపోయారు. కుటుంబం ఆయన వెంట నడిచింది. అర్చకులు పైకి వెళ్ళి అభిషేకం కానిచ్చేశారు.

కమల మెట్ల దిగువన పొంగిన వాగు అవతల రాతి మీద, మోకాళ్ళ దాకా నీటిలో నిలబడి ఉంది. ఆయనే ముందు నీళ్ళలోకి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"కేకెయ్యనేదేటమ్మా?"

"మావగార్లు పైన ఉన్నారు కదా తాతా. గొంతెత్తితే బాగోదని..."

ఆ మాటకు ఆ పెద్దాయన కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. "ఇకమీదట మనింట్లో ముందు నీ గొంతే ఇనపడాల" అన్నారు.

మర్నాడు వేకువన అర్చకులకు స్వామి కలలో కనిపించి, "నిన్న సాయంత్రం నేను వాగు దగ్గర ఉన్నాను. అభిషేకం ఎవరికి చేశావు?" అని అడిగారట. అర్చకులు పరుగున కొండ దిగి వచ్చి, సుబేదారుగారి కుటుంబాన్ని పైకి పిలుచుకెళ్ళి, వారి సమక్షంలో మళ్ళీ అభిషేకం చేశారు. నాటి నుండి జయంతినాడు ఆఖరి భక్తుడు పైకి చేరేదాకా హారతి వెలిగించరు.

సుబేదారుగారు తొంభై ఏడేళ్ళు నిండుగా జీవించి స్వామి సన్నిధికి చేరారు. ఇప్పుడు జయంతినాడు బండ మీద నిలబడి హాజరు పిలిచేది కమలమ్మగారే. ఆ గొంతు కొండ దిగువ దాకా వినిపిస్తుంది. ఇంటిని విడిచి దూరాన ఉన్నవారి పేరు ఇక్కడ పిలిపిస్తే క్షేమంగా తిరిగి వస్తారని నమ్మకం. అందుకే సిపాయిల తల్లులు ఎక్కువగా వస్తారు.

అందరికంటే ముందు ఆమె, "సుబేదారు కిల్లి జగ్గునాయుడు!" అని పిలుస్తారు. మెట్ల మీద ఉన్న జనమంతా ఒక్కసారిగా, "హాజర్!" అంటారు. తరువాత ఆమె తన పేరు చెప్పుకుంటారు.