చప్పట్లకు కూలి

పోలయ్య దగ్గర మొదట్లో నాలుగు రూకలుండేవి. లెక్కల్లో తనంతటివాడు లేడనుకుని, పిట్టల్ని తోలే పనిలో లాభం గుణించి, నాలుగూ పెట్టి డప్పు కొన్నాడు. మొదటి వానకే అది తడిసి చిరిగింది. వాన సంగతి ఆ మేధావి లెక్కలోకి రాలేదు మరి! ఇక దొరగారి జొన్నచేలో కోతలదాకా ఉత్త చప్పట్లతోనే పిట్టల్ని తోలాడు.

కూలి జొన్నలు అడిగితే దొర నవ్వాడు.

"చప్పట్లు కొట్టడం కూడా పనేనట్రా? దానికి కూలేమిటి, పో!"

ఆ సాయంత్రం దొర పొరుగు జమీందారును పిలిచి తన పద్యాలు వినిపించాడు. పద్యం ముగియగానే సభలోవాళ్ళు చప్పట్లు కొట్టడం, తలా ఒక పంచె పట్టుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. చేతులు లేచాయి.

వాకిట్లోంచి పోలయ్య అరిచాడు. "ఆగండి బాబూ! చప్పట్లకు కూలి లేదని దొరగారు పొద్దున్నే తీర్పిచ్చారు. పంచెల కోసమైతే చేతులు నొప్పి పెట్టుకోకండి!"

లేచిన చేతులన్నీ ఒళ్ళోకి దిగిపోయాయి. జమీందారు మీసాల చాటున నవ్వాడు. దొర ముఖం కందిపోయింది.

"ఒరే, నీ జొన్నలు ఇస్తాను. ముందు వాళ్ళని చప్పట్లు కొట్టమను!"

"ఇచ్చాక అంటాను దొరా."

బస్తా భుజానికెక్కాక పోలయ్య చప్పట్లు కొట్టాడు. సభంతా అందుకుంది.

దొర పొంగిపోయాడు. "రేపట్నుంచి సభలోనే ఉండి కొట్టించరా. రెట్టింపు కూలి!"

నీడపట్టు, రెట్టింపు జొన్నలు! పోలయ్య చటుక్కున గుణించాడు. అంతలో దొర రెండో పద్యం ఎత్తుకున్నాడు. పక్కన ఇంకా చదవాల్సిన పద్యాల తాటాకుల కట్ట మోకాలెత్తు ఉంది.

ఈసారి పోలయ్యకు వాన ముందే కనిపించింది. బస్తా సర్దుకుని, గడప దాటడానికి మెల్లగా కాలెత్తాడు.