సలహామండలి తేల్చిన ఆవకాయ

ఖండాంతర వర్తకం పెంచడానికి రాజుగారు ఒక సలహామండలి వేశారు. అందులో ఓడెక్కిన మొహం ఒక్కటీ లేదు. పచ్చళ్ళ సూరమ్మ తన ఆవకాయను ఓడలో పంపుకుంటానని అనుమతి అడిగిన ప్రతిసారీ, వాళ్ళు వేడన్నంలో జాడీ అంతా ఖాళీ చేసి, "అవతలి ఖండంవాళ్ళకు నచ్చుతుందో లేదో తేలలేదు, ఇంకోటి పట్రా" అనేవారు.

ఓడ బయల్దేరే రోజున, మండలి భోజనాల్లో ఉండగా రాజుగారొచ్చారు. సూరమ్మ దణ్ణం పెట్టింది.

"ప్రభూ, వీళ్ళు తినేది కొత్తావకాయ. ఓడ చేరేసరికి అది బాగా ఊరి, రుచి మారిపోతుంది. ఇక్కడ కూర్చుంటే ఎలా తేలుతుంది, పాపం? వీళ్ళనీ ఓడెక్కించండి, అక్కడే తిని చెబుతారు."

"నిజమే. ఎక్కండయ్యా!" అన్నారు రాజుగారు.

మండలి పెద్ద నోట్లో ముద్ద మింగకుండానే అనుమతి ముద్ర గుద్దేశాడు. "ఇప్పుడే తేలింది ప్రభూ, వాళ్ళకు తెగ నచ్చుతుంది!"